వరిలో 25వ క్రోమోజోమ్: అడవి వరి క్రోమోజోమ్‌ను ఒక్కొక్కటిగా చేర్చి నిలబెట్టే పద్ధతి

వరి కణంలో 24 క్రోమోజోములు. వాటి పక్కన అడవి వరిది ఒక్కటి చేర్చి 25 చేస్తే, ఆ ఒక్కటి మోసుకొచ్చిన జన్యువులు ఏం చేస్తాయో విడిగా చూడొచ్చు. ఇలాంటి మొక్కల్ని అదనపు క్రోమోజోమ్ వంశాలు అంటారు. గోధుమలో 1940లోనే ఓమారా అనే శాస్త్రవేత్త రై అనే ధాన్యపు పంట క్రోమోజోములతో ఈ దారి చూపించాడు. గోధుమ రెండు కాదు, ఆరు క్రోమోజోమ్ ప్రతుల మీద నడిచే పంట, మొత్తం 42. అందుకే పరాయి క్రోమోజోమ్ జంటగా వచ్చినా తట్టుకుని 44తో స్థిరపడుతుంది. వరికి ఉన్నవి రెండు ప్రతులే, అంత ఓపిక లేదు. జంట చేరి 26 అయ్యే అవకాశం దాదాపు ఉండదు, ఒంటరి 25తోనే నెట్టుకురావాలి. కాబట్టి వరిలో ఈ వంశం ఒకసారి తయారుచేసి సంచిలో దాచుకునే విత్తనం కాదు. ప్రతి తరంలో మళ్లీ లెక్కపెట్టి వెతుక్కోవాల్సిన మొక్క. ఆ శ్రమకు సిద్ధపడినవాళ్లే మొదలుపెట్టాలి.

ఇక్కడ చెప్పేది ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరితో చేసే పద్ధతి. జెనా, ఖుష్ అనే శాస్త్రవేత్తలు 1989లో ఈ జాతి నుంచే 12 క్రోమోజోములనూ విడివిడిగా వరిలోకి తెచ్చారు. దోమపోటును తట్టుకునే జన్యువులకు ఇది పేరున్న వనరు. 2009లో క్లోన్ చేసిన (విడదీసి గుర్తించిన) దోమపోటు నిరోధక జన్యువు బీపీహెచ్ 14 మూలం కూడా ఇదే జాతి.

తల్లిదండ్రుల ఎంపిక

సాగు వరిది ఏఏ జీనోమ్ (క్రోమోజోముల పూర్తి సెట్టు రకం), అఫిసినాలిస్‌ది సీసీ. రెండింటికీ 24 క్రోమోజోములే అయినా సీ జీనోమ్ పరిమాణం చాలా పెద్దది: సాగు వరిలో సుమారు 389 మెగాబేస్‌లయితే (మెగాబేస్ అంటే పది లక్షల డీఎన్ఏ అక్షరాలు) అఫిసినాలిస్‌లో 650 దాకా.

తల్లి రకాన్ని అధ్యయనం ఏ లక్షణం మీదో చూసి ఎంచుకోవాలి. 120 రోజుల ఎంటీయూ 1010తో తరాలు త్వరగా తిరుగుతాయి. కానీ దానికే దోమపోటును కొంత తట్టుకునే గుణం ఉంది. అప్పుడు కనిపించిన నిరోధకత ఎవరిదో తేలదు. దోమపోటు పనికి ఎక్కువ రోజులు తీసుకున్నా, దోమకు లొంగిపోయే బీపీటీ 5204 మేలు.

అఫిసినాలిస్ గింజలు నిద్రావస్థలో ఉంటాయి. 50 డిగ్రీల ఓవెన్‌లో అయిదారు రోజులు ఉంచి, పొట్టు తీసి మొలకెత్తించండి. కుండీల్లోనే పెంచండి, పొలంలో వద్దు. భూమిలో కొమ్ముల ద్వారా పాకుతుంది, గింజ పండగానే రాలిపోతుంది. వెన్నులకు సంచులు కట్టకపోతే మరుసటి ఏడాది మీ మళ్లలో కలుపు అదే. పూత కలవడానికి సాగు వరిని 10 రోజుల తేడాతో మూడు నాలుగు విడతలుగా నాటండి.

సంకరణం, పిండాన్ని కాపాడడం

సాగు వరిని తల్లిగా తీసుకోండి. సాయంత్రం, మర్నాడు విచ్చుకోబోయే పూలను ఎంచి, పైన మూడోవంతు ఏటవాలుగా కత్తిరించి, ఆరు పుప్పొడి తిత్తులనూ వాక్యూమ్‌తోగానీ సన్నని పట్టకారుతోగానీ తీసేసి, బటర్ పేపర్ సంచి తొడగండి. మర్నాడు ఉదయం అఫిసినాలిస్ పుప్పొడి రాలే సమయానికి దులపండి. 24 గంటల తర్వాత జిబ్బరెల్లిక్ ఆమ్లం 75 పీపీఎం ద్రావణాన్ని వెన్నుల మీద పిచికారీ చేస్తే పిండాలు కాస్త ఎక్కువ రోజులు నిలుస్తాయి. గింజ కట్టడం చాలా తక్కువ, కాబట్టి వెయ్యి పూలకు తక్కువ కాకుండా చేయండి.

గింజలో పాలు గట్టిపడే ముందే పోషక కణజాలం కుళ్లిపోతుంది. అందుకే 10 నుంచి 14 రోజుల మధ్య పిండాన్ని బయటకు తీయాలి. పొట్టు తీసిన గింజలను 70% ఆల్కహాల్‌లో ఒక నిమిషం, 1.5% సోడియం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలు ఉంచి, శుభ్రం చేసిన నీటితో నాలుగుసార్లు కడగండి. స్టీరియో మైక్రోస్కోప్ కింద పిండాన్ని తీసి, స్క్యూటెల్లం (పిండానికి అంటుకున్న డాలు లాంటి బీజదళం) మాధ్యమానికి ఆనేలా, మొలక భాగం పైకి ఉండేలా పెట్టండి. తలకిందులైతే వేరు ఒకదిక్కు, ఆకు ఒకదిక్కు వంకరపోయి చచ్చిపోతాయి. మాధ్యమం: పావు బలం ఎంఎస్ (మురాషిగే-స్కూగ్ పోషక లవణాలు), సుక్రోజ్ 2 నుంచి 3%, అగార్ 0.8%, పీహెచ్ 5.8. మొలిచే దాకా చీకట్లో, 25 డిగ్రీల దగ్గర. తర్వాత 16 గంటల వెలుతురు. మూడాకులు వచ్చాక యోషిదా పోషక ద్రావణంలో రెండు వారాలు ఉంచి కుండీకి మార్చండి. నేరుగా మట్టిలో పెట్టకండి, వేరు ఇంకా పసిదే.

రెండు బ్యాక్‌క్రాస్‌లు (సంకరాన్ని తిరిగి సాగు వరితో కలపడం)

మొదటి సంకరానికి 24 క్రోమోజోములే ఉంటాయి, 12 ఏ, 12 సీ. జత కట్టడానికి ఎవరికీ తోడు లేదు కాబట్టి పుప్పొడి పనికిరాదు. దీన్ని తల్లిగా పెట్టి సాగు వరి పుప్పొడితో వేల పూల మీద పని చేయండి. వచ్చే గింజలు పిడికెడైనా ఉండవు. వాటిలో ఎక్కువ భాగం 36 క్రోమోజోముల మొక్కలు: క్షయకరణ జరగని (క్రోమోజోములు సగానికి తగ్గని) అండంలోని 24, పుప్పొడి 12. విచిత్రంగా అనిపించినా మనకు కావలసింది ఇదే. ఏ క్రోమోజోములు 12 జతలు కడతాయి, 12 సీ క్రోమోజోములు ఒంటరిగా తేలి అండాల్లోకి విచ్చలవిడిగా పంచుకుపోతాయి.

ఈ 36ను మళ్లీ సాగు వరి పుప్పొడితో కలపండి. మళ్లీ పిండాలను తీయాల్సిందే. వచ్చిన మొక్కల్లో 24, 25, 26, 27, ఇంకా ఎక్కువ కూడా ఉంటాయి. 25లే కావాలని మిగతావి పారేయకండి. వేర్వేరు పరాయి క్రోమోజోములు రెండు మూడు చేరిన ఈ 26, 27లను మరోసారి సాగు వరితో కలిపితే వాటిలోంచి ఇప్పటిదాకా దొరకని క్రోమోజోములు దొరుకుతాయి. 24లను కూడా మార్కర్లతో (క్రోమోజోమ్‌ను పట్టిచ్చే డీఎన్ఏ గుర్తులతో) చూడాలి. వాటిలో అఫిసినాలిస్ ముక్క అతుక్కుని ఉంటే అది నేరుగా రకాల అభివృద్ధికి పనికొచ్చే మొక్క.

లెక్కపెట్టడం

వేరు కొసలను ఉదయం 8 నుంచి 10 మధ్య తీయండి. 0.002 మోలార్ 8-హైడ్రాక్సీక్వినోలిన్‌లో 18 నుంచి 20 డిగ్రీల వద్ద రెండు మూడు గంటలు ఉంచండి. ఇది చల్లని నీటిలో సరిగా కరగదు, వేడి చేసి కలిపి చల్లార్చుకోవాలి. తర్వాత మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు అసిటిక్ ఆమ్లంలో 24 గంటలు. 2% సెల్యులేజ్, 1% పెక్టినేజ్ మిశ్రమంలో 37 డిగ్రీల వద్ద 45 నిమిషాలు ఉంచి, నలిపి రంగు వేయండి. వరి క్రోమోజోములు చిన్నవి, ఒకదాని మీద ఒకటి పడితే 25 కాస్తా 24 అవుతుంది. చక్కగా విడిపోయిన 10 కణాలకు తక్కువ చూసి తీర్పు చెప్పకండి.

25 వచ్చిందని సంబరపడడం తొందరే. అది సాగు వరి సొంత క్రోమోజోమే మూడోసారి వచ్చిన ట్రైసోమిక్ కావచ్చు. పొట్ట దశలో చిన్న వెన్ను తీసి పుప్పొడి మాతృకణాలు (విభజన చెంది పుప్పొడిగా మారే కణాలు) చూడండి. 12 జతలూ ఒక ఒంటరీ కనిపిస్తే పరాయిది. 11 జతలూ ఒక ముగ్గురి గుంపూ పదేపదే కనిపిస్తే ట్రైసోమిక్. చూపుతో పోల్చుకోవడం ప్రమాదం, ఎందుకంటే ఈ వంశాలు తమకు సమానమైన క్రోమోజోమ్ ట్రైసోమిక్‌లాగే ఉంటాయి. ఖుష్ బృందం 1984లో ఐఆర్ 36 అనే వరి రకంలో ఇచ్చిన 12 ట్రైసోమిక్‌ల వర్ణన ఏ క్రోమోజోమో ఊహించడానికి బాగా పనికొస్తుంది, తేల్చడానికి చాలదు.

తేల్చడానికి మార్కర్లు. ఇక్కడ చాలామంది పొరపడేది ఒక్కచోట. 25 మొక్కలో సాగు వరి బ్యాండ్ (మార్కర్ పరీక్షలో జెల్ మీద కనిపించే డీఎన్ఏ గీత) ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి అఫిసినాలిస్‌లో బ్యాండే రాని మార్కర్ ఏమీ చెప్పదు. ముందు రెండు జాతుల మీదా నడిపి, రెండింటిలో వేర్వేరు సైజు బ్యాండ్లు ఇచ్చేవే ఉంచుకోండి. ప్రతి క్రోమోజోమ్‌కు రెండు భుజాల మీదా (మధ్య నొక్కుకు అటూ ఇటూ ఉన్న భాగాల మీదా) ఒక్కొక్కటైనా, అంటే కనీసం 24. పరాయి ప్రతి ఒక్కటే కావడంతో దాని బ్యాండ్ పలుచగా వస్తుంది. పీసీఆర్ (మార్కర్ డీఎన్ఏ ముక్కను పెంచి చూసే పరీక్ష) రెండుసార్లు చేయండి. ఒక భుజం మార్కర్ మాయమైతే మీ వైపు తప్పేమీ లేకపోవచ్చు: ఒంటరి క్రోమోజోమ్ విభజనలో మధ్యకు చీలి ఒక్క భుజమే మిగులుతుంది.

వంశాన్ని నిలబెట్టడం

అదనపు క్రోమోజోమ్ పుప్పొడి ద్వారా దాదాపు రాదు, 13 ఉన్న పుప్పొడి 12 ఉన్నదానితో పరుగులో ఓడిపోతుంది. అండం ద్వారా వచ్చేదీ క్రోమోజోమ్‌ను బట్టి మారుతుంది: కొన్నిటిలో అయిదు శాతం దగ్గర, కొన్నిటిలో మూడోవంతు. ఎన్ని మొక్కలు పెంచాలో దీన్ని బట్టే తేలుతుంది. కనీసం ఒక్క 25 అయినా దొరుకుతుందని 95% నమ్మకం కావాలంటే, 30% వచ్చే వంశానికి 9 మొక్కలు, 20%కి 14, 5%కి 59.

నారుమడిలో ఇంకో ఉచ్చు ఉంది. 25 గింజలు సన్నగా ఉండి ఆలస్యంగా మొలుస్తాయి. బలంగా ముందు మొలిచినవి ఉంచి బక్కవి పీకేసే అలవాటున్న చేయి, మీ వంశాన్ని ఒక్క పూటలో తుడిచేస్తుంది. బక్కవాటికే ముందు లేబుల్ కట్టించండి. దొరికిన మొక్కను కోసేశాక మోడును పారేయకుండా, పిలకలు విడదీసి రెండు మూడు కుండీల్లో పెట్టండి. గింజ మోసం చేసిన ఏడు పిలకే దిక్కు.

లక్షణం పరీక్షించేటప్పుడు

దోమపోటు పరీక్షకు ట్రేలో వారం, పది రోజుల నారు మీద మొక్కకు 8 నుంచి 10 పిల్లదోమలు వదిలి, లొంగిపోయే టీఎన్ 1 అనే రకం చచ్చినప్పుడు స్కోరు వేస్తారు. తట్టుకునే పోలికకు పట్టాంబి రకం పీటీబీ 33. సాధారణ రకంలో వరుస సగటు సరిపోతుంది. ఇక్కడ వరుసలో 24లూ 25లూ కలిసి ఉంటాయి కాబట్టి సగటు అబద్ధం చెబుతుంది. దోమలు వదలకముందే ప్రతి మొక్క నుంచి చిన్న ఆకు ముక్క తీసి మార్కర్ చూసి, మొక్క మొక్కకూ స్కోరు వేయండి.

25 మొక్క మెల్లగా పెరుగుతుంది, పిలకలు తగ్గుతాయి, తాలు ఎక్కువ. అది అడవి జన్యువు పని కాకపోవచ్చు, అదనపు మోతాదు భారం. అందుకే ఒకే తల్లి నుంచి వచ్చిన 24 మొక్కల్నీ, దొరికితే అదే క్రోమోజోమ్ ట్రైసోమిక్‌నూ పక్కనే నాటండి. 24 తోబుట్టువులు చచ్చి, ట్రైసోమిక్ కూడా చచ్చి, 25 నిలిస్తేనే నిరోధకత ఆ పరాయి క్రోమోజోమ్‌దని రాసుకోండి.