సెల్ఫ్ కొట్టకండి: చెన్నై వానలకు ముందు కారు జాగ్రత్తలు

చెన్నైలో దసరా కొలువు బొమ్మలు మళ్ళీ పెట్టెల్లోకి ఎక్కేసరికి గాలి మారుతుంది. అక్టోబర్ 20కి అటూ ఇటుగా ఈశాన్య రుతుపవనాలు మొదలై డిసెంబర్ దాకా ఉంటాయి. ఈ ఊళ్ళో ఏడాది మొత్తం పడే వానలో సగానికి పైగా ఈ కొద్ది వారాల్లోనే పడుతుంది. ఇక్కడి వాళ్ళు దీన్ని ఐప్పసి అడైమళై అంటారు. మన ముసురులాగే రోజుల తరబడి పట్టుకుంటుంది కానీ ముసురులా సన్నగా ఉండదు. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే మొదటి కారు కొనుక్కున్న మనవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ముందు నేను కళ్ళారా చూసింది చెబుతాను. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. కానీ మడిపాక్కంలో మా వీధి 3వ తేదీ రాత్రికే మునగడం మొదలైంది. అపార్ట్‌మెంట్ కింద స్తంభాల మధ్య ఉండే స్టిల్ట్ పార్కింగ్‌లో నా కారూ, మూడో అంతస్తు మామయ్యగారి కారూ పక్కపక్కనే ఉన్నాయి. తెల్లారేసరికి రెండిట్లోనూ నీళ్ళు సీట్ల దాకా వచ్చాయి. 6వ తేదీకి నీళ్ళు దిగాయి. డోర్ లోపలి గుడ్డ మీద గీత గీసినట్టు మట్టి మరక మిగిలింది.

"పైకి బాగానే ఉంది కదా బాబూ, ఒకసారి స్టార్ట్ చేస్తే తెలిసిపోతుంది" అన్నారు మామయ్యగారు. "వద్దండీ, మెకానిక్ వచ్చేదాకా ఆగుదాం" అన్నాను. నేను పైకెళ్ళి వచ్చేలోపే వాళ్ళబ్బాయి బటన్ నొక్కేశాడు. టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. తర్వాత షెడ్‌లో ఆ ఇంజిన్ విప్పి, పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్‌ను బల్ల మీద పెట్టి చూపించారు. చదునుగా నిలవకుండా అటూ ఇటూ ఊగుతోంది. ఉక్కు రాడ్డు వంగిపోయింది. నా కారు ఇంజిన్ నాలుగో రోజున ఆయిల్, ఫిల్టర్లు మార్చాక ఏ ఇబ్బందీ లేకుండా స్టార్ట్ అయింది. నీళ్ళు రెండు కార్లకూ ఒకే ఎత్తున వచ్చాయి. తేడా ఆ ఒక్క బటన్ దగ్గరే.

ఎందుకలా అవుతుందంటే, సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కుతుంది, గాలి నలుగుతుంది. గాలి గొట్టం గుండా నీళ్ళు చేరితే అవి నలగవు. పైకి వచ్చే పిస్టన్‌కు దారి ఉండదు, వెనక నుంచి తోసే బలం రాడ్డును వంచేస్తుంది. ఆగి ఉన్న ఇంజిన్‌లోకి నీళ్ళు వెళ్ళినా చాలాసార్లు బాగుచేసుకోవచ్చు. నీళ్ళుండగా తిప్పితేనే పోతుంది. అందుకే ఈ సీజన్‌కు ముందు ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా డ్రైవర్‌కూ, తాళం దొరికితే ఆగని పిల్లలకూ ఈ మాట చెప్పి ఉంచండి: మునిగిన బండికి సెల్ఫ్ కొట్టకూడదు.

ఇక ఇప్పుడే చేయాల్సిన పనుల్లో నేను మొదట పెట్టేది ఇన్సూరెన్స్ కాగితం తీసి చదవడం. ఎదుటివాళ్ళ నష్టాన్ని మాత్రమే చూసే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి రూపాయి కూడా రాదు. మన బండి నష్టాన్ని కూడా చూసే కాంప్రిహెన్సివ్ ఉంటే సీట్లు, వైరింగ్, కార్పెట్ వంటి వాటికి వస్తుంది. కానీ నీళ్ళు చేరిన ఇంజిన్‌ను తిప్పడం వల్ల జరిగిన నష్టాన్ని మామూలు పాలసీలో ఇవ్వరు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ (పాలసీకి అదనంగా చేర్చుకునే కవర్) ఉండాలి. మామయ్యగారి పాలసీలో అది లేదు. లోపలి సామాన్లకు క్లెయిమ్ ఇచ్చి ఇంజిన్ మొత్తం పక్కన పెట్టేశారు. ఆ ఖర్చంతా ఆయనే భరించారు, రిటైర్ అయిన మనిషి. యాడ్-ఆన్‌లు సాధారణంగా రెన్యూవల్ అప్పుడే ఇస్తారు కాబట్టి మీ తేదీ సెప్టెంబర్, అక్టోబర్‌లలో పడితే ఆ అవకాశం వదలకండి. ఐడీవీ, అంటే పాలసీలో మీ బండికి కట్టిన విలువ కూడా చూడండి. బండి మొత్తంగా పోయిందని తేల్చితే మీకొచ్చేది దాని లెక్కనే. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తగ్గించుకోవడం ఈ ఊళ్ళో మంచిది కాదు. ఆంధ్రా నంబర్ ప్లేటుతో తిరుగుతున్న వాళ్ళు వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటితే రిజిస్ట్రేషన్ మార్పించుకోవాలన్న నిబంధన కూడా గుర్తుంచుకోండి. కాగితాలన్నీ డిజిలాకర్‌లో పెట్టుకోండి. ఒరిజినల్స్ డ్యాష్‌బోర్డ్ పెట్టెలో ఉంచితే అవే ముందు తడుస్తాయి.

రెండోది, కారును ఎక్కడికి తీసుకెళ్ళి పెట్టాలో వాన రాకముందే తేల్చుకోవడం. వేళచ్చేరి, మడిపాక్కం, పెరుంబాక్కం లాంటివి పళ్ళికరణై చిత్తడి నేల చుట్టూ పెరిగిన ప్రాంతాలు. నీళ్ళు అటు వెళ్ళడం సహజం. ముడిచూర్, పశ్చిమ తాంబరం వాళ్ళు అడయార్ నది ఎగువ వైపు ఉన్నారు. నందంబాక్కం, మనపాక్కం, జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట, కొట్టూర్‌పురం వాళ్ళు వాన ఒక్కటే కాదు, చెంబరంబాక్కం చెరువు మట్టం కూడా చూడాలి. దాని పూర్తి మట్టం 24 అడుగులు. గేట్లు ఎత్తితే ఆ నీళ్ళు అడయార్‌లోకే వస్తాయి. 2015 డిసెంబర్ 1 రాత్రి వరదలో ఏం జరిగిందో ఆ ఒడ్డున ఉన్న ఎవరినడిగినా చెబుతారు. మీ వీధిలో పాతకాపులను, కిరాణా కొట్టాయనను అడగండి: "2015లో నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయి, 2023లో ఎక్కడి దాకా?" గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఏ మ్యాపూ అంత కచ్చితంగా చెప్పదు.

వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ అంటే 24 గంటల్లో సుమారు 12 నుంచి 20 సెంటీమీటర్ల వాన, రెడ్ అంటే 20 దాటే వాన పడే అవకాశం ఉన్నట్టు అనుకోవచ్చు. పల్లపు ప్రాంతంలో ఉంటే ఆరెంజ్ అన్నప్పుడే బండి కదిలించండి. బేస్‌మెంట్ పార్కింగ్ అయితే ఇక ఆలోచించక్కర్లేదు, పైకి తెచ్చేయాలి. కరెంటు పోతే అక్కడి పంపు కూడా ఆగిపోతుంది. 2024 అక్టోబర్‌లో రెడ్ అలర్ట్ రాగానే వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు బారులు తీరాయి. ఫైన్ వేస్తున్నారన్న మాట పుట్టింది, లేదని పోలీసులు తర్వాత చెప్పారు. ఆ రాత్రి అక్కడ పెట్టిన వాళ్ళ టెన్షన్ నాకు బాగా అర్థమవుతుంది, తప్పు పట్టను. కానీ దారికి అడ్డంగా బండి వదిలేయడం చట్టప్రకారం నేరమే. అంబులెన్స్ వెళ్ళాల్సింది కూడా ఆ వంతెన మీదుగానే. పెట్టక తప్పకపోతే ఎడమ అంచుకు ఒకే వరుసలో ఆనించి, అద్దం మీద ఫోన్ నంబర్ రాసిన కాగితం అంటించండి. అంతకంటే మెరుగైన దారి మెరక మీదున్న బంధువుల ఇల్లో, డబ్బు కట్టి పెట్టుకునే బహుళ అంతస్తుల పార్కింగో ముందే మాట్లాడుకోవడం. పాండీ బజార్ దగ్గర అలాంటిది ఒకటి ఉంది.

బండి తనిఖీలో అందరూ టైర్లు, వైపర్లు చూస్తారు. ఎవరూ చూడనిది ఒకటి చెబుతాను. బానెట్ ఎత్తి, ముందు అద్దం అడుగున వైపర్లు కూర్చునే ప్లాస్టిక్ జాలీ కింద వేళ్ళు పెట్టి చూడండి. చెట్టు కింద పెట్టే కారైతే గుప్పెడు వేపాకు, పూల రెక్కలు, మెత్తని మట్టి వస్తాయి. అద్దం మీద పడిన నీరంతా దిగేది ఆ సందు నుంచే. అది పూడితే నీళ్ళు ఏసీ బ్లోయర్ మీదుగా పక్కసీటు కాళ్ళ దగ్గరికి వస్తాయి. కారు రోడ్డు మీద మునగకపోయినా లోపల కార్పెట్ తడిసి వాసన కొట్టడానికి చాలాసార్లు కారణం ఇదే. సన్‌రూఫ్ ఉంటే దాని మూలల్లోని సన్న గొట్టాల్లో కొద్దిగా నీళ్ళు పోసి కిందికి కారుతున్నాయో లేదో చూసుకోండి. డోర్ల అడుగున ఉండే రంధ్రాలు కూడా అంతే, పుల్లతో మట్టి తీస్తే చాలు.

టైరు గాడి లోతు చట్టప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడుల మధ్య అడ్డంగా ఉండే చిన్న దిమ్మలతో రబ్బరు సమానమైతే ఆ హద్దుకు వచ్చినట్టే. నా మట్టుకు నేను వానాకాలానికి 3 మిల్లీమీటర్లలోపు ఉంటే మార్చేస్తాను. నీటి పొర మీద టైరు తేలితే బ్రేకూ స్టీరింగూ రెండూ చేతిలో ఉండవు. స్టెప్నీలో గాలి, వైపర్ రబ్బర్లు, బ్యాటరీ వయసు కూడా చూసుకోండి.

ఇంధనం సంగతి ఈ మధ్య మారింది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. ట్యాంకులోకి నీళ్ళు ఎక్కువ చేరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది. పంపు లాగేది అడుగు నుంచే కాబట్టి బండి జర్కులు కొట్టి ఆగిపోతుంది. అందుకని ట్యాంకు మూత రబ్బరు పగిలిందేమో చూసుకుని, అలర్ట్ రాగానే ట్యాంకు నింపి పెట్టుకోండి. ఆటోమేటిక్‌గా కట్ అయ్యాక ఇంకో అర లీటరు కుక్కించుకోవద్దు. వరద తగ్గాక మునిగిన బంకులో వెంటనే కొట్టించుకోకండి. తప్పదనుకుంటే, బంకు ట్యాంకులో నీళ్ళున్నాయేమో, నీరు తగిలితే రంగు మారే పేస్టు రాసిన కడ్డీతో చూపించమని అడగండి. అడిగే హక్కు మనకుంది. డీజిల్ వాళ్ళు ఫిల్టర్ అడుగున చేరే నీటిని ఒకసారి తీయించండి. ఈవీ (ఎలక్ట్రిక్ కారు) వాళ్ళకు బ్యాటరీ ఐపీ67 అని చెప్పి అమ్ముతారు. ఆ రేటింగ్‌కు అర్థం మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని మాత్రమే. రాత్రంతా మునిగిన బండికి అది వర్తించదు. మునిగిన ఈవీని ఎట్టి పరిస్థితుల్లో ఛార్జింగ్‌కు పెట్టకండి, ఇంటికి దూరంగా ఉంచి సర్వీస్ వాళ్ళను పిలవండి.

రోడ్డెక్కాల్సి వస్తే వంతెనల కింద పల్లంలో వెళ్ళే సబ్‌వేలు ముందే వదిలేయండి. టీ నగర్ దొరైస్వామి సబ్‌వే, మాడ్లీ సబ్‌వే, సైదాపేట అరంగనాథన్ సబ్‌వే, వ్యాసర్‌పాడి గణేశపురం సబ్‌వే వానొస్తే నిండడం కొత్తేమీ కాదు. ముందు కారు వెళ్ళిందని మనమూ దిగకూడదు, దాని గాలి గొట్టం ఎంత ఎత్తులో ఉందో మనకు తెలియదు. నీరు చక్రంలో సగం దాటితే వెనక్కి తిప్పండి. పారే నీరైతే ఒక అడుగు లోతుకే చిన్న కారు తేలుతుంది, రెండడుగులకు దాదాపు ఏ కారునైనా లాక్కుపోతుంది. మెట్రో రెండో దశ పనులు జరుగుతున్న ఆర్కాట్ రోడ్డు, ఓఎంఆర్, మేడవాక్కం వైపు నీటి కింద గొయ్యి ఉందో రోడ్డు ఉందో కనపడదు. బారికేడ్ పక్కకు ఒరిగి ఉంటే అటు అసలే వెళ్ళకండి. తక్కువ నీళ్ళలో వెళ్ళాల్సి వస్తే ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ వదలకుండా, నడక వేగంతో వెళ్ళండి. ఎదురుగా బస్సు వస్తుంటే ఆగి దాన్ని పోనివ్వండి, దాని అల నేరుగా మీ బానెట్ మీదికి వస్తుంది. దాటాక బ్రేకును రెండు మూడు సార్లు మెల్లగా తొక్కి ఆరనివ్వండి.

వానలో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం ఇక్కడ బాగా అలవాటైపోయింది. దయచేసి మానండి. మీరు ఎటు తిరుగుతున్నారో వెనక వాడికి తెలియదు. హెడ్‌లైట్ లో-బీమ్ చాలు. దీపావళికో కార్తీకానికో ఊరెళ్ళేవాళ్ళు నెల్లూరు దారిలో 16వ నంబర్ హైవే పరిస్థితి కనుక్కుని బయల్దేరండి. 2021 నవంబర్‌లో పెన్నా వరదకు ఆ రోడ్డే ఆగిపోయింది.

నీటి మధ్యలో బండి ఆగితే ముందు అద్దాలు దించండి. కరెంటు ఇంకా ఉన్నప్పుడే అవి దిగుతాయి. బెల్టులు తీసి, పిల్లలను ముందు దించి బయటపడండి. డోర్ రాకపోతే పక్క అద్దం మూలలో కొట్టాలి, ముందు అద్దం పగలదు. చిన్న సుత్తి ఒకటి డ్రైవర్ చేతికందేలా ఉంచుకోండి, డిక్కీలో కాదు. సాయానికి 112, నీళ్ళు నిలిచిన సంగతి చెప్పడానికి కార్పొరేషన్ 1913.

నీళ్ళు దిగాక కదిలించక ముందే నంబర్ ప్లేటు, మట్టి గీత రెండూ కనిపించేలా ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పండి. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. డిప్‌స్టిక్ లాగి చూడండి, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరినట్టే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి కాగితం తడి చూడండి. ఆటోమేటిక్ బండిని తాడు కట్టి లాగనివ్వకండి, మొత్తం ఎత్తి పెట్టుకునే ఫ్లాట్‌బెడ్ వచ్చేదాకా ఆగండి. మిచౌంగ్ అప్పుడు నాకు ఆ బండి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ తాళం మా ఆవిడ దగ్గర బీరువాలో ఉంది.