‘సెటిల్డ్’ పోయింది, ఆలస్యాలు మిగిలాయి: నా అనుభవం

2021లో ఆదాయం పడిపోయినప్పుడు 62,000 రూపాయల క్రెడిట్ కార్డు బాకీకి 40,000 కట్టి బ్యాంకుతో రాజీ చేసుకున్నాను. అంతటితో తీరిపోయిందనుకున్నాను గానీ, ఇంటి రుణానికి వెళ్లినప్పుడు క్రెడిట్ రిపోర్టులో (మన రుణాల, చెల్లింపుల చరిత్ర) ఆ ఖాతా పక్కన ‘సెటిల్డ్’ (బాకీ పూర్తిగా కట్టకుండా రాజీతో ముగించారు) అన్న మాట, దాని కింద బ్యాంకు వదులుకున్న 22,000 కనిపించాయి.

డబ్బిస్తే రికార్డు మొత్తం చెరిపేస్తామనే ఏజెంట్లను దయచేసి నమ్మకండి. వివరాలు పంపిన బ్యాంకు ఒప్పుకోనిదే రిపోర్టులో ఏదీ మారదు. పైగా 2005 నాటి చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం క్రెడిట్ సంస్థలు, అంటే ఈ రిపోర్టులు తయారుచేసే సిబిల్ లాంటి కంపెనీలు, ఈ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలి.

నేను మిగిలిన 22,000 కట్టి, ఖాతా నంబరు, చెల్లింపు తేదీ, ‘పూర్తిగా చెల్లించారు’ అన్న మాట స్పష్టంగా ఉండేలా బ్యాంకు నుంచి నో డ్యూస్ పత్రం (ఇక బాకీ లేదనే ధ్రువీకరణ) తీసుకున్నాను. రెండు నెలలైనా రిపోర్టు మారకపోవడంతో, ఆ పత్రం జతచేసి క్రెడిట్ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా ఫిర్యాదు నమోదు చేశాను. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది కాబట్టి ఫిర్యాదు తేదీని భద్రపరచుకోవడం చాలా ముఖ్యం.

26వ రోజున రిపోర్టులో ‘సెటిల్డ్’ అన్న మాట ‘క్లోజ్డ్’గా (ఖాతా ముగిసింది) మారింది. నెలల వారీ చెల్లింపుల పట్టికలోని 30, 60, 90 రోజుల ఆలస్యాలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి నిజంగా జరిగినవే కనుక వాటిపై ఫిర్యాదు చేయలేదు.