బస్తీలో నాయకురాళ్లను తయారుచేసుకోవడం ఎలా?

విజయవాడలో మా సింగ్‌నగర్‌లో ఎవరినైనా ‘మీ వీధికి లీడరెవరు?’ అని అడిగితే ఫ్లెక్సీ మీదున్న పేరు చెబుతారు. ‘2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇళ్లల్లోకి వచ్చినప్పుడు ముందు ఎవరికి ఫోన్ చేశారు?’ అని అడిగి చూడండి. వేరే పేరు వస్తుంది. నాలుగిళ్లలో అదే పేరు వినిపించిందంటే మీ పని సగం అయినట్టే. మా పక్క వీధిలో అలా దొరికింది ఓ టైలరమ్మ. నష్టపరిహారం జాబితా వార్డు సచివాలయంలో అంటించినప్పుడు కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు ఎవరెవరికి వచ్చాయో, ఎవరి పేరు ఎగిరిపోయిందో బట్టల కొలతల పుస్తకంలోనే రాసిపెట్టింది. మైకు ఇస్తే మాత్రం వణికిపోతుంది. ఆ వణుకు పోగొట్టవచ్చు. ఇరుగుపొరుగు గురించి పట్టించుకునే గుణాన్ని మాత్రం నేర్పలేం.

నేను టీచరుగా రిటైరయ్యాక పొదుపు సంఘాల ఆడవాళ్లతో తిరుగుతున్నాను. అమ్మాయి పురుడికని టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో వెళ్లినప్పుడు అక్కడి పడమటి పేటల కథ విన్నాను. ఆ పేటల్లో ఎక్కువమంది మెక్సికన్ మూలాలవాళ్లు. వానొస్తే వీధులు మునిగేవి. 1974లో వాళ్లు ‘కాప్స్’ అనే సంఘం పెట్టుకున్నారు. దాన్ని కూడగట్టిన ఎర్నెస్టో కోర్టెస్ ఉపన్యాసాలు దంచేవాళ్ల జోలికి పోలేదు. బడి కమిటీలు నడిపేవాళ్లను, చర్చి పండుగలకు లెక్కలు చూసేవాళ్లను వెతికి పట్టుకున్నాడు. వాళ్లు నగరపాలక సంస్థ కాగితాలు తిరగేస్తే, తమ కాలువల పనులు ఏళ్ల కిందటే ప్లానులో ఉన్నాయనీ, డబ్బే ఇవ్వలేదనీ తేలింది. అందరూ కలిసి కౌన్సిల్ ముందుకెళ్లి అడిగారు. ఆ నవంబరులోనే డ్రైనేజీ కోసం 4 కోట్ల 68 లక్షల డాలర్ల బాండ్లకు ఆమోదం వచ్చింది.

ఇక మన సంగతి. మొదటి సమావేశం కమ్యూనిటీ హాల్లో పెట్టకండి. హాలంటే కుర్చీలు, కుర్చీలంటే ముందు వరుస, ముందు వరుసంటే మళ్లీ ఆ ఫ్లెక్సీ పెద్దమనుషులే. ఎవరింట్లోనైనా చాప మీద ఎనిమిదిమందో పదిమందో కూర్చుంటే చాలు. కాలిఫోర్నియాలో ఫ్రెడ్ రాస్ ఇలా ఇంటింటి సమావేశాలు పెట్టి లాటినోల సంఘాన్ని పెంచాడు. 1955లో స్టాక్టన్‌లో ఆ సంఘంలో చేరిన డొలోరెస్ వెర్తా కూడా టీచరే. ఆకలితో బడికొచ్చే కూలీల పిల్లలను చూడలేక ఉద్యోగం వదిలేసి, వాళ్ల తల్లిదండ్రులను కూడగట్టడానికి వెళ్లింది. 1962లో పొలం కూలీల సంఘం పెట్టినవాళ్లలో ఆమె ఒకరు.

టైము చూసుకోండి. ఇళ్లల్లో పనికెళ్లేవాళ్లు మధ్యాహ్నం మూడింటికి ముందు రారు, సాయంత్రం నీళ్ల టైములో కూర్చోరు. ‘మా ఆయన్ని అడిగి చెప్తానండీ’ అన్న అమ్మాయిని బలవంతపెట్టకండి. తర్వాతి సమావేశం వాళ్లింట్లోనే పెట్టండి. అత్తగారితో ‘పెద్దమ్మా, ఈసారి టీ మీ చేతిది’ అనండి. తన ఇంటికి నలుగురొచ్చారన్న మురిపెంతో ఆవిడే కోడలిని పంపిస్తుంది. ఇది నాకు చాలాసార్లు పనిచేసింది.

మొదటి పని చిన్నది ఎంచుకోండి. బుడమేరు ఆధునీకరణ మన వీధి సంఘంతో తేలే వ్యవహారం కాదు. సైడు కాలువలో పూడిక, వెలగని వీధి దీపం అయితే తేలుతుంది. అర్జీ మీకు దొరికిన నాయకురాలి చేతే రాయించండి. మీ చేతిరాత ఎంత గుండ్రంగా ఉన్నా కలం ముట్టుకోవద్దు. వాళ్లు చేసుకోగలిగింది మనం చేసిపెట్టకూడదన్నది కాప్స్‌ వాళ్ల మూల సూత్రం. టీచర్లకు అన్నిటికంటే కష్టమైనదీ అదే. వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. కదలిక లేకపోతే సోమవారం అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్సుకు వెళ్లాలి. అదీ కాకపోతే ‘మా వీధి కాలువకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది?’ అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. ఫీజు పది రూపాయలు, దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

గ్రీవెన్సుకు ముందురోజు రాత్రి రిహార్సల్ వేయండి. ఒకరు ఇంజినీరు.

‘చూద్దాంలేమ్మా.’

‘ఎప్పుడు చూస్తారు సార్? తేదీ చెప్తే రాసుకుంటాను.’

ఈ ఒక్క మాట నోట పట్టేదాకా అనిపించండి. మా టైలరమ్మ మొదట్లో ‘సార్’ దగ్గరే ఆగిపోయేది. చివరికి నవ్వకుండా చెప్పడం వచ్చింది. వెళ్లేటప్పుడు ఐదారుగురు వెళ్లండి, మాట్లాడేది మాత్రం ఆమే. మీరు వెనక నిలబడండి. అధికారి మీ నెరిసిన జుట్టు చూసి మీకే జవాబు చెప్పబోతాడు. అప్పుడు ఆమెనే చూపించండి.

బయటికి రాగానే ఇళ్లకు పోకుండా టీ బండి దగ్గర పది నిమిషాలు ఆగండి. ఎవరేం బాగా చెప్పారు, ఎక్కడ తడబడ్డాం, ఆయన ఏం ఒప్పుకున్నాడు, ఏది దాటేశాడు, ఇవన్నీ అక్కడే తేల్చుకోవాలి. శాన్ ఆంటోనియో వాళ్లు కూడా ప్రతి సమావేశం తర్వాత ఇది చేసేవారు. నాకైతే అసలు ట్రైనింగు ఇదే అనిపిస్తుంది. ఏసీ హాల్లో ఫైలు, పెన్ను ఇచ్చి పెట్టే శిబిరాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. భోజనం మాత్రం బాగుంటుంది.

డబ్బు విషయం ఒక్క మాట. నెలకు మనిషికి ఇరవై వేసుకోండి. ఆటో ఖర్చు ఎవరో పెట్టుకుంటే ఆ ఎవరో చెప్పినట్టే వినాల్సి వస్తుంది.

కాస్త పేరు రాగానే కండువాలు వస్తాయి. కార్పొరేషన్ ఎన్నికల ముందైతే మరీను. కాప్స్ ఏ అభ్యర్థికీ మద్దతు ఇచ్చేది కాదు. అందరినీ సభకు పిలిచి, ‘ఈ పని చేస్తారా, చేయరా?’ అని అందరి ముందు అడిగేది. మనమూ అలాగే అన్ని పార్టీలవాళ్లనూ వీధిలోకి పిలిచి, అవునో కాదో పుస్తకంలో రాసుకోవచ్చు. మన సంఘంలో ఎవరైనా పోటీ చేస్తానంటే సంతోషంగా చేయనివ్వండి, కాకపోతే సంఘం పదవి వదిలేసి చేయాలి. గెలిచాక ఆమె కుర్చీలో భర్త కూర్చుంటే, అదే సంఘం వెళ్లి ‘అమ్మగారితో మాట్లాడాలండీ’ అని అక్కడే నిలబడాలి.

పదవి ఏడాదికో మనిషి మారాలి. కాప్స్‌లో తొలి అధ్యక్షుడు ఆండీ సరబియా తర్వాత వరుసగా ఆడవాళ్లు నడిపారు. దిగిపోయే ఆమె రసీదుల ఫైలు, నంబర్ల పుస్తకం అప్పగించి, కొత్తామెతో మొదటి రెండు సోమవారాలు గ్రీవెన్సుకు వెళ్లాలి. మూడో సోమవారం వెళ్లకూడదు.