అడ్వాన్స్ తిరిగిచ్చే ఇంటి ఓనర్లకు

ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు అడ్వాన్స్ లెక్కను తాళాలు తీసుకునే రోజు దాకా ఆపకండి. ఓ వారం ముందే, సామాన్లు సర్దకముందే, అద్దెకున్నవాళ్లతో కలిసి ఇల్లంతా ఒకసారి చూడండి. గీజర్, కుళాయిలు, స్విచ్‌లు, తలుపు గడియలు. ఏదైనా పాడైతే వాళ్లే బాగుచేయించుకుంటారు, మీకు కోత పెట్టే పని తప్పుతుంది.

ఎక్కువ గొడవలు పెయింటింగ్ దగ్గరే. హైదరాబాద్‌లో చాలామంది దాని పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటారు. ఆ షరతు అగ్రిమెంట్‌లో ఉంటేనే పట్టుకోండి. ఏళ్ల తరబడి మనుషులు ఉన్న ఇంట్లో గోడలు మాయడం మామూలే, అది నష్టం కిందకు రాదు. పగిలిన సింక్ సంగతి వేరు, దానికి బిల్లు చూపించి అంతవరకే తీసుకోండి.

కరెంటు బిల్లు ఇంకా రాలేదని అడ్వాన్స్ మొత్తం ఆపేయడం మాత్రం అన్యాయం. ఆ రోజు మీటర్ రీడింగ్ ఫొటో తీసి, పాత బిల్లును బట్టి అంచనా వేసి, ఆ కాస్త ఉంచుకుంటే చాలు. చాలామంది కొత్త ఇంటికి అడ్వాన్స్ కట్టాల్సింది ఈ డబ్బుతోనే కదా! 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా ఇల్లు స్వాధీనం చేసుకునే రోజే, రావాల్సింది మినహాయించుకుని మిగతాది ఇచ్చేయాలంటుంది.

డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. కోతల వివరం వాట్సాప్‌లో రాసి, లెక్క సరిపోయిందని వాళ్ల దగ్గర జవాబు తీసుకోండి.