502, 504 ఎర్రర్లు వచ్చినప్పుడు ఎంజిన్‌ఎక్స్ లాగ్‌ను ఎలా చదవాలి?

వెబ్‌సైట్‌లో 502 బ్యాడ్ గేట్‌వే అన్న పేజీ కనిపించగానే చాలామంది చేసే మొదటి పని సర్వర్‌ను రీస్టార్ట్ చేయడం. దయచేసి ఆ పని చేయకండి. సైట్ తిరిగి లేచినా, ఏ ప్రాసెస్ ఆగిపోయింది, ఏ పోర్ట్ (అప్లికేషన్ రిక్వెస్టుల కోసం వేచి ఉండే ద్వారం నంబర్) దగ్గర ఎవరూ లేరు అన్న ఆధారాలు రీస్టార్ట్‌తో పోతాయి. కారణం మాత్రం అలాగే ఉండి, రద్దీ పెరిగిన రోజున మళ్లీ బయటపడుతుంది. ఈ వ్యాసం లినక్స్ సర్వర్‌పై ముందు ఎంజిన్‌ఎక్స్ (వచ్చే రిక్వెస్టులను అందుకుని అప్లికేషన్‌కు చేరవేసే వెబ్ సర్వర్), దాని వెనుక పీహెచ్‌పీ, నోడ్ లేదా పైథాన్ అప్లికేషన్ నడిచే ఏర్పాటు గురించి.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. 502 అంటే ఎంజిన్‌ఎక్స్ పాడైందని కాదు. ఎంజిన్‌ఎక్స్ బాగానే ఉంది కాబట్టే ఆ పేజీని పంపగలిగింది. తన వెనుక ఉన్న అప్లికేషన్ నుంచి సరైన జవాబు రాలేదని చెబుతోంది. జవాబు గడువులోగా రాకపోతే చెప్పేది 504. కాబట్టి ఎంజిన్‌ఎక్స్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మొదటి దశ: లాగ్‌ను తెరవడం

సుడో అధికారం (అడ్మిన్ కమాండ్లు నడిపే అనుమతి) ఉన్న లాగిన్ ఒకటి, టెర్మినల్ కిటికీలు రెండు ఉంటే చాలు. సాధారణంగా వార్ డైరెక్టరీలోని లాగ్ ఫోల్డర్‌లో ఎంజిన్‌ఎక్స్ పేరుతో ఉండే చోట ఎర్రర్ లాగ్ (ఎర్రర్ల వివరాలు నమోదయ్యే ఫైల్) ఉంటుంది. మీ సైట్ కాన్ఫిగరేషన్‌లో వేరే చోటు రాసి ఉంటే అక్కడ చూడాలి. ఒక కిటికీలో కొత్త వరుసలను వచ్చినవి వచ్చినట్టే చూపే టెయిల్ కమాండ్‌ను ఎఫ్ ఆప్షన్‌తో నడుపుతూ, బ్రౌజర్‌లో పేజీని మళ్లీ తెరవండి. వచ్చిన ప్రతి రిక్వెస్ట్ నమోదయ్యే యాక్సెస్ లాగ్‌లో 502 అన్న అంకె తప్ప కారణం దొరకదు, దానితో కాలయాపన వద్దు. పాత వరుసలు వెతికేటప్పుడు సమయం సరిచూసుకోవాలి: చాలా సర్వర్ల గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది కనుక మధ్యాహ్నం 3 గంటలకు మన దగ్గర వచ్చిన ఎర్రర్ లాగ్‌లో 9:30 దగ్గర ఉంటుంది.

రెండో దశ: వరుసను విడదీయడం

ప్రతి వరుసలో తేదీ, తీవ్రత, ప్రాసెస్ నంబర్, కనెక్షన్ నంబర్, ఆ తరువాత అసలు సందేశం, చివర క్లయింట్, సర్వర్, రిక్వెస్ట్, అప్‌స్ట్రీమ్ వివరాలు ఉంటాయి. ఇక్కడ అప్‌స్ట్రీమ్ అంటే వెనుక ఉన్న అప్లికేషన్. ఆ చిరునామా, పోర్ట్ మీరు అనుకుంటున్నవేనా అని ముందు చూడండి.

మూడో దశ: అంకెను, సందర్భాన్ని కలిపి చదవడం

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే కనుక నెమ్మదిగా చదవండి. సందేశంలో కుండలీకరణాల మధ్య 111, 110, 113, 13 వంటి అంకె ఒకటి ఉంటుంది. అది లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఇచ్చిన ఎర్రర్ నంబర్. చాలామంది ఆ అంకెను మాత్రమే కాపీ చేసి వెతికి, మొదట దొరికిన సలహాను అమలు చేస్తారు. అంకె తరువాత ‘వైల్’ (while, ‘చేస్తుండగా’) అన్న మాటతో మొదలయ్యే భాగాన్ని వదిలేస్తారు. పని ఏ దశలో ఆగిందో చెప్పేది ఆ భాగమే కాబట్టి, దాన్ని చదవకుండా కాన్ఫిగరేషన్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు.

111, కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే తలుపు తట్టగానే లోపలినుంచి ‘ఇక్కడ ఎవరూ లేరు’ అన్న జవాబు వెంటనే రావడం. రిక్వెస్ట్ ఆ యంత్రం దాకా చేరింది, కానీ ఆ పోర్ట్‌లో వినే ప్రాసెస్ లేదు. ఎస్ఎస్ కమాండ్‌తో వింటున్న పోర్ట్‌ల జాబితా చూస్తే అప్లికేషన్ ఆగిపోయిందా, 8080 బదులు 3000లో నడుస్తోందా అన్నది తేలిపోతుంది. ఎంజిన్‌ఎక్స్ డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ను మిగతావాటి నుంచి వేరుగా నడిపే పెట్టెలో) ఉంటే 127.0.0.1 అన్న చిరునామా ఆ కంటైనర్‌నే సూచిస్తుంది తప్ప బయటి యంత్రాన్ని కాదు. అక్కడ అప్లికేషన్ సర్వీస్ పేరు రాయాలి.

110, అంటే గడువు దాటిపోవడం, రెండు వేర్వేరు జబ్బులకు ఒకే అంకె. వైల్ కనెక్టింగ్ టు అప్‌స్ట్రీమ్ అని ఉంటే కనెక్షనే కుదరలేదు: ఫైర్‌వాల్ ప్యాకెట్లను నిశ్శబ్దంగా పారేస్తోంది, లేదా ఆ యంత్రమే ఆగి ఉంది. వైల్ రీడింగ్ రెస్పాన్స్ హెడర్ అని ఉంటే కనెక్షన్ కుదిరింది, అప్లికేషన్ రిక్వెస్ట్ తీసుకుని, ఎంజిన్‌ఎక్స్ డిఫాల్ట్‌గా ఓపిక పట్టే 60 సెకన్లలోగా జవాబు మొదలుపెట్టలేదు. ఈ రెండో సందర్భంలో ఫైర్‌వాల్‌ను తెరవడం వృథా, ప్రమాదం కూడా. గడువును 600 సెకన్లకు పెంచడం కూడా నేను ఒప్పుకోను: నెమ్మదిగా నడిచే డేటాబేస్ క్వెరీ అలాగే ఉంటుంది, ఎదురుచూసే కనెక్షన్లు పేరుకుపోయి మిగతా పేజీలూ కూలతాయి. క్వెరీని సరిచేయండి, లేదా ఆ పనిని క్యూలో పెట్టి వెనుక నడపండి.

113, నో రూట్ టు హోస్ట్ అని చూసి రూటింగ్ పట్టికలు తవ్వేవారున్నారు. అవతలి యంత్రంలోని ఫైర్‌వాల్ నిరాకరించినా ఇదే సందేశం వస్తుంది, కనుక ముందు దాని నియమాలను చూడండి.

13, పర్మిషన్ డినైడ్ వచ్చిందనగానే ఫైల్‌కు 777 అనుమతులు (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు) ఇచ్చేస్తారు. ఇది ఎంతమాత్రం తగదు. యూనిక్స్ సాకెట్ (పోర్ట్ బదులు ఫైల్ రూపంలో ఉండే అనుసంధానం) అయితే దాని యజమాని, గ్రూప్ పీహెచ్‌పీ కాన్ఫిగరేషన్‌లో సరిగా ఉన్నాయో చూడాలి. రెడ్ హ్యాట్ కుటుంబ సర్వర్లలో పోర్ట్‌కు కనెక్ట్ అవుతుండగా 13 వస్తే కారణం సాధారణంగా ఎస్ఈలినక్స్ అన్న భద్రతా వ్యవస్థ. దాన్ని పూర్తిగా ఆపేయనక్కర్లేదు, వెబ్ సర్వర్‌కు నెట్‌వర్క్ కనెక్షన్ అనుమతించే ఒక్క స్విచ్ తిప్పితే సరిపోతుంది.

ఏ అంకె లేకుండా, అప్‌స్ట్రీమ్ ముందుగానే కనెక్షన్ మూసేసిందన్న సందేశం వస్తే, పని మధ్యలో అప్లికేషన్ ప్రాసెస్ చచ్చిపోయి ఉండవచ్చు. జర్నల్‌లో (సిస్టమ్ లాగ్‌లో) మెమరీ చాలక కెర్నల్ దాన్ని చంపిన గుర్తు ఉందేమో వెతకండి. పైథాన్ అప్లికేషన్‌ను నడిపే గునికార్న్ సర్వర్ అయితే, రిక్వెస్టులు తీసుకునే దాని వర్కర్ ప్రాసెస్‌కు గడువు డిఫాల్ట్‌గా 30 సెకన్లే. ఎంజిన్‌ఎక్స్ 60 వరకు ఆగుదామనుకున్నా వర్కర్ అప్పటికే పోతుంది, అందుకే అక్కడ 504 బదులు 502 వస్తుంది.

నాలుగో దశ: మార్చడం, పరీక్షించడం

ఒకసారి ఒక్క మార్పే చేయండి. ఎంజిన్‌ఎక్స్‌ను టీ ఆప్షన్‌తో నడిపి కాన్ఫిగరేషన్ సరిగా ఉందని తేలాకే రీలోడ్ చేయండి. ప్రాసెస్‌ను పూర్తిగా ఆపి లేపే రీస్టార్ట్ కంటే రీలోడ్ మేలు, ఎందుకంటే పాత వర్కర్లు చేతిలోని రిక్వెస్టులు ముగించాకే తప్పుకుంటాయి. ఆపై టెయిల్ నడుస్తున్న కిటికీని చూస్తూ, పేజీని పలుమార్లు తెరవండి. అదే వరుస మళ్లీ వస్తే మార్పును వెనక్కి తీసుకోండి. అంకె అదే ఉండి ‘వైల్’ భాగం మారితే, మొదటి అడ్డంకి తొలగిందని అర్థం. ఆ కొత్త వరుసతో మూడో దశను మళ్లీ మొదలుపెట్టండి. ఇతరుల సహాయం అడగాల్సి వస్తే స్క్రీన్‌షాట్ కాకుండా, తేదీ నుంచి అప్‌స్ట్రీమ్ చిరునామా దాకా మొత్తం లాగ్ వరుసను, బయటివారు చూడకూడని చిరునామాలూ టోకెన్లూ తీసేసి, అక్షరాలుగా పంపండి.