ఆవు అండకణాలను రసాయనాలతో ఉత్తేజపరచే విధానం

పక్వమైన అండకణం శుక్రకణం చేరేవరకు క్షయకరణ విభజనలోని రెండవ మెటాఫేజ్ (క్రోమోజోములు కణం మధ్యలో వరుసగా నిలిచే) దశలో ఆగి ఉంటుంది. సీడీకే1, సైక్లిన్-బి అనే ప్రోటీన్లు కలిసి ఏర్పడే ఎంపీఎఫ్ అనే కైనేజ్ (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ చేర్చే ఎంజైమ్) దాన్ని అక్కడ నిలిపి ఉంచుతుంది. సైక్లిన్-బి నశించకుండా ఎమి2 అనే ప్రోటీన్ కాపాడుతుంది. ఫలదీకరణలో శుక్రకణం వల్ల కణంలోపల కాల్షియం పదేపదే పెరిగి, ఎమి2 తొలగి, సైక్లిన్-బి విచ్ఛిన్నమై ఎంపీఎఫ్ తగ్గుతుంది; అప్పుడు అండకణం ఉత్తేజితమై విభజన ముందుకు సాగుతుంది. శుక్రకణం లేకుండా రసాయనాలతో ఈ పని చేయాలంటే కాల్షియంను పెంచితే చాలదు, తగ్గిన ఎంపీఎఫ్ మళ్లీ పుంజుకోకుండా కూడా చూడాలి. నా దృష్టిలో ఈ రెండవ భాగానికే ఎక్కువ శ్రద్ధ అవసరం.

సుమారు 24 గంటలు పక్వం చేసిన అండకణాల చుట్టూ ఉన్న క్యుములస్ అనే సహాయక కణాలను ఎంజైమ్ అయిన హైలురోనిడేజ్‌తో తొలగించి, మొదటి ధ్రువకణం (విభజనలో అండకణం బయటికి వదిలే చిన్న కణం) స్పష్టంగా కనిపించే వాటినే ఎంచుకోవాలి. వయసు మీరిన అండకణాలు స్వల్ప ప్రేరణకే ఉత్తేజితమవుతాయి కాబట్టి, పోల్చదలచిన సమూహాలన్నింటి వయసూ ఒకటే అయి ఉండాలి.

వాటిని కణంలో కాల్షియంను పెంచే 5 మైక్రోమోలార్ అయనోమైసిన్‌లో 5 నిమిషాలు ఉంచి, ఆల్బుమిన్ ఎక్కువగా ఉన్న మాధ్యమంలో బాగా కడగాలి. ఆల్బుమిన్ మిగిలిన అయనోమైసిన్‌ను పట్టుకుని దాని ప్రభావాన్ని ఆపుతుంది. ఆలస్యం చేయకుండా 2 మిల్లీమోలార్ 6-డీఎంఏపీలోకి మార్చి సుమారు 4 గంటలు ఇన్క్యుబేటర్‌లో ఉంచాలి. ఇది కైనేజ్‌ల చర్యను అణచివేయడమే కాక రెండవ ధ్రువకణం బయటికి రాకుండా చేస్తుంది కనుక, ఏర్పడే పిండం ఎక్కువగా ద్వయస్థితికమవుతుంది (దానిలో రెండు సెట్ల క్రోమోజోములు ఉంటాయి). దీనికి బదులు సైక్లోహెక్సిమైడ్ వాడితే కొత్త సైక్లిన్-బి తయారీ ఆగుతుంది గానీ ధ్రువకణం వెలువడి పిండం ఏకస్థితికమవుతుంది (ఒకే సెట్ క్రోమోజోములు ఉంటాయి). ద్వయస్థితికం కావాలనుకుంటే, కణానికి ఆకారాన్నిచ్చే ప్రోటీన్ అయిన ఆక్టిన్‌ను నిరోధించే సైటోకలాసిన్‌ను దానికి జోడించాలి. ఇవన్నీ విషపదార్థాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

చిట్టెలుక (మౌస్) అండకణాలకైతే కాల్షియం లేని మాధ్యమంలో 10 మిల్లీమోలార్ స్ట్రాన్షియం క్లోరైడ్ చక్కగా పనిచేస్తుంది. అది ఫలదీకరణలో లాగే పలుమార్లు కాల్షియం పెరిగేలా చేస్తుంది. ఆవు అండకణాలు దానికి అంత బాగా స్పందించవు.

ఫలితం తెలుసుకోవడానికి సుమారు 16 గంటల తరువాత కొన్ని అండకణాలకు హోక్‌స్ట్ రంగు (డీఎన్ఏకు అంటుకునేది) వేసి, ఉత్తేజితమైన అండకణంలో ఏర్పడే కేంద్రకాలైన ప్రోన్యూక్లియస్‌లను చూడాలి. ఏ రసాయనమూ తగలని సమూహాన్ని, అయనోమైసిన్ మాత్రమే ఇచ్చిన సమూహాన్ని పక్కన తప్పక ఉంచుకోవాలి. రెండవ సమూహంలో ధ్రువకణం వెలువడినా ప్రోన్యూక్లియస్ లేకుండా క్రోమోజోములు మళ్లీ దట్టంగా కూడి కనిపిస్తే, ఎంపీఎఫ్ తిరిగి పెరిగి కణం మూడవ మెటాఫేజ్ అనదగిన స్థితిలో ఆగిపోయిందని గ్రహించాలి.