యాక్సిడెంట్ బండి చవగ్గా వస్తోందా? అడ్వాన్స్ ఇచ్చే ముందు మెడ చూడండి

గత నెలలో చిలకలూరిపేట దాటాక హైవే మీద ఒక కుర్రాడు పడ్డాడు. ఎదురుగా లారీ రాలేదు, గేదె అడ్డం రాలేదు, వానా లేదు. స్పీడు తొంభై దాటగానే హ్యాండిల్ రెండు పక్కలా కొట్టుకోవడం మొదలైందట, బిగించి పట్టుకునే కొద్దీ ఇంకా ఎక్కువైందట. కాలర్ బోన్ విరిగి, మోచేతి మీద తోలు లేచిపోయి బయటపడ్డాడు. హెల్మెట్ ఉంది కాబట్టి ఆ మాత్రం. తర్వాత బండి మా షెడ్డుకొచ్చింది. ట్యాంకు దించితే సంగతి తెలిసింది. టోటల్ లాస్ కింద, అంటే రిపేరు దండగని ఇన్సూరెన్స్ వాళ్లు లెక్క తేల్చేసిన బండిని కొని కొత్త డూమ్ (హెడ్‌లైటు తొడుగు), కొత్త ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు), కొత్త స్టిక్కర్లు వేయించాడు. చాసిస్‌కి మాత్రం గ్యాస్ పెట్టి కాల్చి, గొట్టం దూర్చి లాగి, పైన నల్ల స్ప్రే కొట్టి ఉంది.

ఇలాంటి బండ్లు ఫోన్‌లో రోజూ కనిపిస్తున్నాయి. అన్నింటి కిందా ఒకటే మాట: "లైట్ డ్యామేజ్, ఇంజన్ సూపర్, పేపర్లు క్లియర్." బేరం ఎలా ఆడాలో, టైర్లు ఎలా చూడాలో మీకు తెలుసు. నేను చెప్పేది వేరే.

మెడ

హ్యాండిల్ కింద, అది తిరగడానికి వేసే కోన్‌సెట్ బేరింగులు కూర్చునే గొట్టాన్ని మెడ అంటున్నాను. చాసిస్ పైపులు ముందువైపు వచ్చి దీనికే అతుక్కుంటాయి. బండి ఎదురుగా దేన్నైనా గుద్దితే దెబ్బ ముందు టైరు, రిమ్ము, ఫోర్కులు, వాటిని పైన పట్టి ఉంచే టీ ముక్క మీదుగా వచ్చి చివరికి ఇక్కడ దిగుతుంది. ఫోర్కులు వంగి దెబ్బనంతా మింగేస్తే మెడ బతుకుతుంది. లేదంటే వెనక్కి పోతుంది. నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి పోతే కంటికి ఆనదు. కానీ ఫోర్కుల వాలు తగ్గి నిటారవుతాయి, ముందు చక్రానికి తనంతట తాను తిన్నగా నడిచే గుణం తగ్గిపోతుంది. ఊళ్లో నలభైలో తిరిగినంతకాలం ఏమీ తెలియదు. హైవే ఎక్కాక, వెనక మనిషి కూర్చున్నాక తెలుస్తుంది.

ఈ బేరాల్లో డబ్బు పోగొట్టుకుని మా దగ్గరకొచ్చిన వాళ్లంతా దాదాపు ఒకటే తప్పు చేశారు. కనిపించే డ్యామేజీకి లెక్క కట్టి అడ్వాన్స్ ఇచ్చేశారు. డూమ్‌కి ఇంత, మడ్గార్డుకి ఇంత, అల్లాయ్‌కి ఇంత అని షోరూమ్ కౌంటర్లో అడిగి మరీ రాసుకుంటారు. మెడ మాత్రం చూడరు. ట్యాంకు దించాలి కదా, అమ్మేవాడు ఒప్పుకోడేమో అని మొహమాటం. ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు. ట్యాంకు దించకుండా, మెడ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఐదొందలు కూడా ఇవ్వొద్దు.

చూడటం పెద్ద విద్యేమీ కాదు. సీటు తీసి, ట్యాంకు బోల్టు విప్పి, పెట్రోలు పైపు లాగి, ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి అయితే పంపు కనెక్టరు కూడా తీస్తే ట్యాంకు చేతిలోకి వచ్చేస్తుంది. ఫెయిరింగ్ (పక్కల ప్లాస్టిక్ తొడుగు) ఉన్న బండికి కాస్త ఎక్కువ పని. టార్చి వేసి మెడ వెనక వెల్డింగుల చుట్టూ చూడండి. పెయింట్ వెంట్రుకవాసి పగిలి, ఆ పగులులో ఎర్రగా తుప్పు గీత ఉంటే కింద ఇనుము కదిలి ఉంటుంది. అక్కడే గోటితో గీరండి. కంపెనీ పెయింట్ గోటికి లొంగదు, డబ్బా స్ప్రే పొరలా లేస్తుంది. కొత్త నలుపు ఒక్క మెడ చుట్టూనే మెరుస్తూ మిగతా చాసిస్ మాసిపోయి ఉంటే ఎందుకో అడగండి. తర్వాత మెడ నుంచి ఇంజన్ ముందుకు దిగే పైపు మీద బొటనవేలు పెట్టి కిందిదాకా నిమరండి. మెడకు జానెడు కింద ఉబ్బుగానీ ముడతగానీ వేలికి తగిలితే ఆ బండి మీకొద్దు. కేటీఎం డ్యూక్‌కి ఉన్నట్టు సన్న గొట్టాలు అల్లిన జాలీ చాసిస్ అయితే ఒక్కో అతుకూ విడిగా చూడాలి.

హ్యాండిల్‌ని రెండు పక్కలా చివరికంటా తిప్పండి. అది ఆగే చోట చాసిస్ మీద చిన్న స్టాపర్ ముక్క ఉంటుంది. అది విరిగినా, నలిగినా, ట్యాంకు ముందు పక్కల్లో ఫోర్కు కొట్టిన సొట్టలున్నా హ్యాండిల్ హద్దు దాటి తిరిగిందన్నమాట. అంటే మెడ దెబ్బ తినే ఉంటుందని అనుమానించాల్సిందే.

ముందు టైరుకూ ఇంజన్ ముందు పైపుకూ మధ్య దూరం టేపుతో కొలిచి, అదే మోడల్ మంచి బండితో పోల్చడం ఇంకో పద్ధతి. ఫోర్కులు వంగి ఉంటే ఆ కొలతకు అర్థం లేదు. వాటిని ఊడదీసి, మంచి జత తగిలించాక కొలవాలి. అప్పుడే వెనక చక్రానికి రెండు పక్కలా పురికొస కట్టి ముందుకు లాగితే రెండు చక్రాలూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో కూడా తేలుతుంది. కొనకముందు ఇదంతా ఎవరు చేయనిస్తారంటారా? మీ మెకానిక్‌కి సగం రోజు కూలి ఇచ్చి తీసుకెళ్లండి. చేయనిచ్చే వాడి దగ్గరే కొనండి.

"బెండు తీయించేద్దాం అన్నా, ఆటోనగర్‌లో మిషన్ ఉంది" అంటారు. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌కి చిన్న బెండు తీశారంటే ఒప్పుకుంటాను. సీటు కింది సబ్‌ఫ్రేమ్ సరిచేశారంటే సరే. మెడ దగ్గర ముడత పడిన పైపుని గ్యాస్‌తో కాల్చి లాగితే ఆకారం వస్తుందేమో గానీ బలం రాదు. ముడత పడ్డ చోటే మళ్లీ వంగుతుంది, ఈసారి తక్కువ దెబ్బకే.

ఇంకో చిక్కుంది. చాలా బండ్లకు చాసిస్ నంబరు పంచ్ చేసి ఉండేది ఈ మెడ మీదే. మెడ చెడితే ఇనుముతో పాటు కాగితమూ చెడుతుంది. కొత్త చాసిస్ వేయించుకోవాలంటే డీలరు ద్వారా తెప్పించి, ఆర్టీఏ అనుమతితో ఆర్‌సీలో మార్పించుకోవాలి. "పాత నంబరు కొత్త దాని మీద కొట్టించేస్తాలే" అన్నవాడి దగ్గర టీ కూడా తాగొద్దు. అది నేరం, రేపు పోలీసులు పట్టుకునేది మిమ్మల్ని.

టోటల్ లాస్ అంటే

రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద కట్టేస్తారు. ఐడీవీ ఏటా తగ్గుతుంది. ఏడాది దాటితే 20 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు. వాళ్ల ఎస్టిమేటు మాత్రం కొత్త కంపెనీ పార్టుల రేటు, షోరూమ్ లేబర్ మీద వేస్తారు. అందుకే నిండా ఫెయిరింగ్ ఉన్న స్పోర్ట్స్ బండి పక్కకు పడి జారితే ప్లాస్టిక్‌ల బిల్లుతోనే టోటల్ లాస్‌కి పోవచ్చు, మెడ మాత్రం చెక్కుచెదరకుండా ఉండొచ్చు. అదే కమ్యూటర్ బండి ఎదురుగా కల్వర్టుని గుద్దితే ఎస్టిమేటులో ఫోర్కులు, రిమ్ము, హెడ్‌లైటు కనిపిస్తాయి. బిల్లు చిన్నది, జబ్బు పెద్దది. కాబట్టి "టోటల్ లాస్ కాదు బాబూ" అన్న మాటకు మురిసిపోవద్దు, "టోటల్ లాస్" అన్న మాటకు హడలిపోవద్దు. పక్కకు పడిందా, ఎదురుగా గుద్దిందా, అది అడగండి. సర్వేయర్ రిపోర్టు, అప్పటి ఫోటోలు ఉంటే చూపించమనండి.

2024 సెప్టెంబర్లో బుడమేరు వరద వచ్చాక బెజవాడ చుట్టుపక్కల మునిగిన బండ్లు కూడా ఈ బేరాల్లోకి వచ్చాయి. వాటి రోగం వైరింగులో ఉంటుంది. దాని కథ వేరే.

డబ్బు లెక్క త్వరగా చెప్తాను. రన్నింగ్‌లో 80 వేలు పలికే బండిని 30 వేలకు ఇస్తున్నారనుకుందాం. పార్టులు 28, లేబర్ 7, ట్రాన్స్‌ఫరూ ఇన్సూరెన్సూ 5. మొత్తం 70 అయింది. విప్పాక బయటపడే ఖర్చుకి పార్టులూ లేబర్ మీద నాలుగో వంతు కలపండి, 79కి చేరింది. రేపు అమ్మబోతే అది యాక్సిడెంట్ బండే, 80 రాదు. బండి ఇష్టమై చేసుకుంటే సరే. లాభం కోసమైతే వద్దు.

కాగితాలు

గుద్దిన రోజు ఎవరికైనా ఏమైనా అయిందా అని మొదట అడగండి. మనిషి పోతే కేసు ఉంటుంది, ట్రిబ్యునల్‌లో పరిహారం దావా ఉంటుంది. బండి కేసు ప్రాపర్టీ అయి, కోర్టు అమ్మకూడదన్న షరతు మీద ఓనర్‌కి అప్పగించి ఉండొచ్చు. ఆ స్టేషన్‌కి వెళ్లి కనుక్కోండి. అమ్మేవాడి మాట మీద పోవద్దు.

ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బు. చలాన్లు ఆన్‌లైన్లో చూసుకోండి. తెలంగాణ బండి ఆంధ్రకు తెచ్చినా, ఇక్కడిది అటు తీసుకెళ్లినా ఆర్టీఏ ఎన్ఓసీ, అక్కడి లైఫ్ ట్యాక్స్ ఖర్చు కలుపుకోండి.

సంతకాలు పెట్టిన ఖాళీ 29, 30 ఫారాలు (ఓనర్ పేరు మార్చే కాగితాలు) చేతులు మారుతుంటాయి. ఓనర్ అమ్మి నలుగురు దళారులు మారి మీ దాకా వస్తుంది, ఆర్‌సీ ఇంకా మొదటివాడి పేరు మీదే. ట్రాన్స్‌ఫర్ అయిందని ఓనర్ 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలన్నది చట్టం. రిజిస్టర్లో పేరున్నవాడే ఓనర్, పరిహారం బాధ్యత అతనిదే అని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. కాబట్టి ఇది అమ్మేవాడికీ ప్రమాదమే. ఆ మాట అతనికి చెప్పి కూర్చోబెట్టి ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి.

2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండ్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ వస్తోంది కదా, ఇంకా నడుస్తోంది అనుకోవద్దు. పాలసీ నంబరు చెప్పి కంపెనీకి ఫోన్ చేసి అడగండి. ఓన్ డ్యామేజ్ (మీ బండి డ్యామేజీకి ఇచ్చే) ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చుకోవడానికి ట్రాన్స్‌ఫర్ నుంచి 14 రోజులే గడువు.

ఇక మిగిలినవన్నీ వరసగా చెప్తాను.

చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర మీరే తీసి ఆర్‌సీతో అంకె అంకె పోల్చండి. ఇంజన్ నంబరూ అంతే.

బండి పక్కకు పడి ఇంజన్ ఆగకుండా తిరిగిందా అడగండి. పడుకోబెట్టిన ఇంజన్‌కి ఆయిల్ అందదు. స్టార్ట్ చేసి చూపిస్తే చల్లారాక మళ్లీ మీరే చేసి వినండి.

క్రాంక్‌కేసు పగులుకి ఎంసీల్ పూసి ఉందేమో చూడండి.

పగిలిన అల్లాయ్‌కి వెల్డింగ్ వద్దు. స్పోక్ రిమ్ము అయితే బెండు తీయించుకోవచ్చు.

హ్యాండిల్ బార్ కొత్తదే వేయాలి. బెండు తీసింది వద్దు.

హైదరాబాద్ పుత్లీబౌలీలోగానీ ఆటోనగర్‌లోగానీ పాత ఫోర్కులు కొంటే అద్దం మీద దొర్లించి చూసి తీసుకోండి. అవీ ఏదో ఒక యాక్సిడెంట్ బండిలోంచి వచ్చినవే కావచ్చు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండి అయితే మెడ దగ్గర వైరింగ్ కిట్టు తెగిందేమో చూడండి. సెన్సార్లు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా) కలిపితే మీ బడ్జెట్ అక్కడే అయిపోతుంది.

ఏబీఎస్ లైటు స్పీడు పట్టాక ఆరిపోవాలి. ఆరకపోతే చక్రం దగ్గర సెన్సార్ రింగు వంగి ఉండొచ్చు. బల్బు పీకేసి అమ్మేవాళ్లున్నారు, తాళం తిప్పగానే వెలుగుతోందో లేదో కూడా చూడండి.

అమ్మేవాడు "వేరే పార్టీ సాయంత్రం వస్తోంది" అంటే రానివ్వండి.

రాత్రి పూట చూడొద్దు. వానలో చూడొద్దు. కడిగి తుడిచిన బండిని చూపిస్తే మెడ ఇంకోసారి చూడండి.

బండితో పాటు హెల్మెట్ ఫ్రీ అంటే తీసుకోవద్దు.

మెడ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. మీ బావమరిది చూశాడన్నా, పాత మెకానిక్ హామీ ఇచ్చాడన్నా, వీడియో కాల్‌లో చూపించాడన్నా సరే.

రెడీ అయ్యాక మొదటి రెండు వందల కిలోమీటర్లు ఒంటరిగా, ఊరి రోడ్ల మీదే. తర్వాత కోన్‌సెట్, ఇంజన్ మౌంటింగ్ బోల్టులు, యాక్సిల్ నట్లు మళ్లీ బిగించాలి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా స్పీడు పెంచుతూ పొండి. హ్యాండిల్ ఏమాత్రం వణికినా యాక్సిలరేటర్ వదిలేయండి, ముందు చక్రం బ్రేకు పట్టకండి, తిన్నగా షెడ్డుకి రండి. టైరు గాలి, బ్యాలెన్సింగ్, కోన్‌సెట్ చూశాక కూడా వణుకు పోకపోతే ఆ బండి చాసిస్‌ని నమ్మొద్దు.

పెయింట్, స్టిక్కర్లు ఇదంతా అయ్యాకే. ముందే వేయిస్తే బండి ఎలా నడిచినా వదులుకోబుద్ధి కాదు.